ఆ ఒక్క ‘ట’ తిరిగి పెట్టండి

తెలుగు నాట ఏటా త్యాగరాజ ఆరాధన జరిపే సంగీత సభల కార్యవర్గాలకు, ఆ వేదికల మీద మైకు పట్టుకునే వ్యాఖ్యాతలకు బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా, నమస్కారం.

నేను పిల్లలకి సంగీతం చెప్పుకునే మనిషిని. ఊహ తెలిశాక స్వామి తిథి అయిన పుష్య బహుళ పంచమి నాడు, ఆయన అయిదు పంచరత్న కృతులనీ అందరూ కలిసి పాడే పంచరత్న గోష్ఠిలో కూర్చోని ఏడాది లేదు. మూడో వరుసలో కూర్చుని, తాళం తప్పకుండా, సాహిత్యం మింగకుండా పాడతాను. మీ సభలు లేకపోతే నాలాంటి వాళ్ళకి ఆ భాగ్యం దక్కేది కాదు. చందాలు పోగుచేసి, షామియానాలు వేయించి, పక్కవాద్యాల వాళ్ళ కాళ్ళూ వేళ్ళూ పట్టుకుని రప్పించి, ఆఖరి మనిషి ప్రసాదం తీసుకుని వెళ్ళేదాకా నిలబడే మీ కష్టం కళ్ళారా చూశాను. కాబట్టి ఈ ఉత్తరాన్ని కోపంతో రాసిందిగా చదవకండి. మీ వాళ్ళలో ఒకతె అడుగుతోందనుకోండి.

ఈ మధ్య ఒక ఆరాధనలో, ఏ ఊరో అనవసరం, ఆ అయిదింటిలో మొదటిదైన నాట రాగ కృతి మొదలవబోయే ముందు వ్యాఖ్యాత మైకులో ఇలా అన్నారు: “స్వామి సిద్ధి పొందిన నాటి నుంచి, నూట డెబ్భై ఏళ్ళకు పైగా, తిరువయ్యారులో కావేరి ఒడ్డున సంగీత విద్వాంసులందరూ ఇలాగే కూర్చుని, ఈ అయిదు కృతులే, ఇదే వరుసలో పాడుతున్నారు.” జనం చప్పట్లు కొట్టారు. నా పక్కన కూర్చున్న శిష్యురాలికి పదకొండేళ్ళు. నా చెవి దగ్గరికి వచ్చి అడిగింది. “అప్పట్నుంచీ మనలాంటి వాళ్ళు కూడా పాడేవాళ్ళా అండీ?”

తంబురా మీటుతున్నారు. తర్వాత చెబుతానన్నాను. ఇంటికి వెళ్ళేదాకా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఎందుకంటే వ్యాఖ్యాత చెప్పిన ఆ ఒక్క వాక్యంలో నిజమైనది కావేరి ఒడ్డు మాత్రమే.

మా అమ్మమ్మ కూడా త్యాగయ్యగారి కథలు చెప్పేది. రాజుగారు కానుకలు పంపాడట, స్వామి వద్దన్నాడట, అన్నగారు విగ్రహాలు ఏట్లో పారేశాడట, స్వామి ఏడ్చుకుంటూ వెతికాడట. ప్రతి మాట చివరా ఒక ‘ట’. చదువుకున్నది కాదు, కానీ తాను చూసినదాన్నీ పెద్దల నోట విన్నదాన్నీ వేరుగా చెప్పడం ఆమెకి తెలుసు. మన భాషే ఆ పద్ధతి నేర్పింది. వచ్చాడు అంటే నేను చూశాను, వచ్చాడట అంటే విన్నాను. ఇంత చిన్న అక్షరంతో ఇంత నిజాయితీగా ఉండే వీలు ఎన్ని భాషలకి ఉందో నాకు తెలియదు. మన వేదికల మీద ఆ ‘ట’ ఊడిపోయింది. కథ చరిత్రగా మారిపోయింది. ఇంకా బాధ ఏమిటంటే, కథ వచ్చి కూర్చున్న చోటు నుంచి అసలు చరిత్ర లేచి వెళ్ళిపోయింది.

ఆ చోటు సంగతి చెబుతాను.

త్యాగరాజస్వామి సిద్ధి పొందింది 1847 జనవరి 6న. చివరి రోజుల్లో సన్యాసం పుచ్చుకున్నారు. దీన్ని మనం ఆయన వైరాగ్యానికి గుర్తుగా చెప్పి వదిలేస్తాం కానీ, తంజావూరు దగ్గరి తిరువయ్యారు వేదిక పుట్టుకంతా అందులోనే ఉంది. గృహస్థుగా పోయి ఉంటే దహనం చేసేవారు, అస్థికలు కావేరిలో కలిపేవారు, ఇవాళ మనం వెళ్ళి నిలబడడానికి నేల ఉండేది కాదు. యతి కనక ఏటి ఒడ్డున సమాధి చేశారు. యతి కనకే ఆ తిథిని ఆబ్దికం అనకుండా ఆరాధన అంటున్నాం. కర్ణాటక సంగీతంలో ఇంత పేరు మోసిన వేదిక ఒక రాజు కట్టించిన సభా మండపం కాదు, ఒక యతిని పూడ్చిన చోటు.

ఆ తర్వాత ఏం జరిగింది? ఏటా విద్వాంసులంతా వచ్చి పాడారా? లేదు. శిష్యులు ఎవరి ఊళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. వాలాజాపేట వాళ్ళు వాలాజాపేటలో, ఉమయాళ్పురం వాళ్ళు ఉమయాళ్పురంలో, తిల్లైస్థానం వాళ్ళు తమ ఇంట్లో, గురువుగారి తిథి ఎక్కడికక్కడ జరుపుకున్నారు. స్వామికి ఒక్కతే కూతురు, సీతాలక్ష్మి. ఆమె కొడుకుతో ఆ వంశం ఆగిపోయింది. సమాధి చిన్న కట్టడం. వానకి నాని, ఎండకి బీటలిచ్చి, పొదల్లో కలిసిపోయింది. పాటలు దక్షిణదేశమంతా పాకిపోతున్న కాలంలోనే పాట కట్టిన మనిషి సమాధి ఎక్కడుందో చెప్పేవాళ్ళు కరువయ్యారు. ఇలా యాభై ఏళ్ళకు పైగా గడిచిపోయాయి.

1903లో ఉమయాళ్పురం కృష్ణ భాగవతార్, సుందర భాగవతార్ ఆ చోటుని వెతికి పట్టుకున్నారు. స్వామి దగ్గర కూర్చుని నేర్చుకున్న శిష్యుల్లో అప్పటికి మిగిలినవాళ్ళు వాళ్ళే అన్నట్టుండేది. ఇద్దరూ ముసలివాళ్ళు. సమాధిని బాగుచేయించి, తిథి అక్కడే జరిగే ఏర్పాటు చేశారు. చిన్నతనంలో పాఠం చెప్పిన గురువుని వెతుక్కుంటూ ఇద్దరు వృద్ధులు కావేరి గట్టు మీద పొదలు తొలగించుకుంటూ నడిచి ఉంటారు. ఆ దృశ్యం తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఆ ఇద్దరి పేర్లూ మన వేదికల మీద నేను ఒక్కసారి కూడా వినలేదు.

తర్వాత కొన్నేళ్ళకి తిల్లైస్థానం సోదరులు నరసింహ భాగవతార్, పంజు భాగవతార్ పూజకి సంగీతం జోడించారు. ఉత్సవం మొదలైంది. అంతలోనే అన్నదమ్ములకి చెడింది. అన్నగారిది పెరియ కట్చి, అంటే పెద్ద వర్గం. తమ్ముడిది చిన్న కట్చి. విద్వాంసులూ చెరో పక్కా చేరారు. వయొలిన్ విద్వాంసుడు మలైక్కోట్టై గోవిందస్వామి పిళ్ళె వంటి మహానుభావులు చిన్న వర్గం వైపు నిలిచారు. చివరికి ఒక రాజీ కుదిరింది. ఆరాధన రోజుకి ముందు అయిదు రోజులు చిన్న వర్గం, ఆరాధన నాటి నుంచి పెద్ద వర్గం కచేరీలు పెట్టేవారు. ఒకే సమాధికి రెండు ఉత్సవాలు, రెండు అన్నదానాలు. దీన్ని దాచిపెట్టాల్సిన పని లేదు. మనుషులు ఎక్కువ ప్రేమించిన దాని కోసమే ఎక్కువ కొట్టుకుంటారు. అయితే ఇన్ని తేడాలున్న ఆ రెండు వర్గాలూ ఒక్క విషయంలో మాత్రం ఏకమయ్యాయి. రెంటి వేదికల మీదా ఆడవాళ్ళు పాడడానికి వీల్లేదు.

ఇక్కడికి వచ్చేసరికి నాకు గొంతు పూడుకుపోతుంది. కాస్త నిదానంగా చెబుతాను.

బెంగళూరు నాగరత్నమ్మ 1878లో నంజనగూడులో, దేవదాసి కుటుంబంలో పుట్టింది. మైసూరులో పెరిగి, మద్రాసులో కచేరీలు చేసి పేరూ డబ్బూ సంపాదించింది. సంస్కృతం, కన్నడం, తెలుగు క్షుణ్ణంగా చదువుకుంది. తెలుగువాళ్ళు ఆమెను ఇంకో కారణానికి కూడా గుర్తుపెట్టుకోవాలి. తంజావూరులో ప్రతాపసింహ మహారాజు కొలువులో ఉన్న ముద్దుపళని రాసిన ‘రాధికా సాంత్వనం’ అచ్చుప్రతి చూసి, అందులో పద్యాలు తీసేశారని, రాసినామె దేవదాసి అన్న సంగతి మరుగుపరిచారని గ్రహించి, రాతప్రతి సంపాదించి సరిదిద్ది, 1910లో వావిళ్ళవారి చేత పూర్తిగా అచ్చువేయించింది. ఆ మరుసటి ఏడే ఆంగ్ల ప్రభుత్వం అశ్లీలమంటూ పుస్తకాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం పూనుకునేదాకా, అంటే స్వాతంత్ర్యం గుమ్మంలోకి వచ్చేదాకా ఆ నిషేధం తొలగలేదు. మరుగున పడ్డదాన్ని వెలికితీసి దాని చోట దాన్ని నిలబెట్టడం ఆ తల్లి స్వభావం. మొదట ఒక కవయిత్రి పుస్తకం, తర్వాత ఒక వాగ్గేయకారుడి సమాధి.

1921లో గురువు బిడారం కృష్ణప్ప ద్వారా సమాధి దురవస్థ ఆమెకి తెలిసింది. స్వామి కలలో కనిపించి పిలిచాడట కూడా. ఈ ‘ట’ నేను కావాలనే పెట్టాను. కల నిజమైనా కాకపోయినా ఆ తర్వాత జరిగింది మాత్రం ‘ట’ అక్కర్లేని సంగతి. ఉత్సవాలు ఎవరికి వారు ఘనంగానే చేస్తున్నారు కానీ, మిగతా ఏడాదంతా ఆ సమాధిని చూసే దిక్కు లేదు. నాగరత్నమ్మ ఆ స్థలం సంపాదించింది. అదే ఏడు అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. పిల్లలు లేరు, వెనక ఆస్తిపాస్తులు లేవు. గొంతు అరగదీసుకుని కచేరీ కచేరీకీ కూడబెట్టుకున్న సొమ్ము ఆమెది. ఆ సొమ్ము పోసి సమాధి మీద గుడి కట్టించి, స్వామి విగ్రహం ప్రతిష్ఠించి, నిత్యపూజ ఏర్పాటు చేసింది. 1925 జనవరిలో కుంభాభిషేకం అయింది. స్వామికి అష్టోత్తర శతనామావళి కూడా ఆమే కూర్చింది.

గుడి కట్టింది. ఆ గుడి ముందు కూర్చుని పాడడానికి ఆమెకి అనుమతి ఇవ్వలేదు.

ఈ రెండు వాక్యాలూ మీరు మీ వేదిక మీద ఎప్పుడైనా చదివారా? చదివితే సభ ఎలా నిశ్శబ్దమవుతుందో ఒక్కసారి చూడండి.

ఆమె దెబ్బలాడింది, ఉత్తరాలు రాసింది, పెద్దలందరికీ మొరపెట్టుకుంది. కాదన్నారు. అలిగి వెళ్ళిపోలేదు. 1920ల్లోనే గుడి వెనక వైపు ఆడవాళ్ళ చేత మూడో ఉత్సవం మొదలుపెట్టింది. జనం దాన్ని పెణ్‌గళ్ కట్చి అన్నారు, ఆడవాళ్ళ వర్గం. దేవదాసీ కుటుంబాల గాయనులు ఊళ్ళ నుంచి వచ్చి పాడేవారు. ముందు రెండు వర్గాలు, వెనక ఒకటి. నడుమ స్వామి. పన్నెండు పదమూడేళ్ళు అలా గడిచాక, 1940, 41ల్లో గాయకుడు ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్, ఐసీఎస్ అధికారి ఎస్.వై. కృష్ణస్వామి వంటివారి పూనికతో వర్గాలన్నీ కలిశాయి. ఆడవాళ్ళు వేదిక మీదికి వచ్చారు. అందరూ కలిసి పాడడానికి ఒక ఉమ్మడి నివేదన కావాలి కనక అప్పుడే, ఆ కలయికలోంచే, ఘనరాగ పంచరత్నాలను గోష్ఠిగా పాడే పద్ధతి స్థిరపడింది.

మళ్ళీ చెబుతాను. మన వ్యాఖ్యాతలు నూట డెబ్భై ఏళ్ళ సంప్రదాయం అంటున్న పంచరత్న గోష్ఠికి ఇంకా నూరేళ్ళు నిండలేదు. అది అనాదిగా వస్తున్న ఆచారం కాదు. ముప్పై ఏళ్ళు విడివిడిగా ఉన్నవాళ్ళు ఒక చోట కూర్చున్నందుకు గుర్తు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ అనే అయిదు రాగాలు, అన్నీ ఆదితాళంలో, మొదటిది సంస్కృతంలో, తక్కిన నాలుగూ తెలుగులో. ఈ అయిదింటినీ ఒక మాలగా పాడమని స్వామి ఎక్కడా చెప్పలేదు. పంచరత్నాలన్న పేరు తర్వాతి వాళ్ళు పెట్టుకున్నది. అందువల్ల వాటి విలువ రవ్వంత కూడా తగ్గదు. నాకైతే పెరిగింది. ఆరభి చరణాలు పాడుతున్నప్పుడు ముందు వరుస, వెనక వరుస, ఆడ, మగ, విద్వాంసుడు, నేర్చుకుంటున్న పిల్ల, అందరి గొంతులూ కలిసిపోయే క్షణం ఒకటి వస్తుంది. ఆ కలయిక ఊరికే రాలేదని తెలిశాక నేను ఆ చోట కళ్ళు తుడుచుకోకుండా పాడలేకపోతున్నాను.

ఇక కథల సంగతి. వాటిని వదిలేయమని నేను అడగడం లేదు. తూకం వేసి చెప్పమంటున్నాను.

శరభోజి మహారాజు కానుకలతో కబురు పంపితే స్వామి ‘నిధి చాల సుఖమా’ అని పాడారని చెబుతారు. ఆ పాట తీసి చూడండి. ధనం గొప్పదా రాముడి సన్నిధి సేవ గొప్పదా అని మనసుని అడుగుతారు, నరస్తుతి వద్దంటారు. అది ఆయన నోటి మాట, అందులో ఎవరికీ అనుమానం లేదు. కానీ పాటలో రాజు లేడు, పల్లకీ లేదు, పళ్ళెంలో నగలు లేవు. పాటలోని మనసు నిజం. దాని చుట్టూ అల్లిన సన్నివేశం హరికథ. ఇంత సునాయాసంగా విడదీసి చెప్పగల విషయాన్ని మనం కలిపేసి ఎందుకు చెబుతున్నాం?

‘ఎందరో మహానుభావులు’ కథా ఇలాంటిదే. తిరువాన్కూరు నుంచి వచ్చిన షట్కాల గోవింద మారార్ పాట విని స్వామి ఆశువుగా పాడేశారంటారు. మారార్ గొప్ప గాయకుడు, చారిత్రక వ్యక్తి, 1843లో పండరిపురంలో కన్నుమూశాడు. ఆయన పేరు మాత్రం ఆ కృతిలో లేదు. అందులో ఉన్నది రకరకాల భక్తుల వరుస. ఒక గాయకుడు ఇంకో గాయకుడికి మనసారా నమస్కరించాడని నమ్మడం మనకి ఇష్టం. ఆ ఇష్టం అందమైనది. ‘పాడారట’ అనండి, అందం ఎక్కడికీ పోదు.

‘గిరిపై నెలకొన్న’ దగ్గర పరిస్థితి వేరు. తనకి రాముడి దర్శనమైందని, పదిపూటల తర్వాత కాపాడతానని మాట ఇచ్చాడని స్వామే ఆ సహాన రాగ కృతిలో చెప్పుకున్నారు. దర్శనం ఎలాంటిదో మనం చెప్పలేం కానీ, అలా జరిగిందని ఆయన నమ్మారనడానికి ఆయన పాటే సాక్ష్యం. ఇక్కడ ‘ట’ పెట్టనక్కర్లేదు. అయితే వేదిక మీద ఎప్పుడూ “పది రోజుల్లో” అనే వింటాను. పాటలో ఉన్నది పదిపూటలు. పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట అని లెక్కపెట్టుకునే తెలుగువాళ్ళం మనం. ఆయన మాట ఆయనది ఉన్నట్టు చెబితే చాలు కదా.

తొంభై ఆరు కోట్ల రామనామ జపం గురించి కూడా ఒక మాట. ఇరవై ఒక్క ఏళ్ళలో పూర్తి చేశారని చెబుతారు. లెక్క కడితే రోజుకి లక్షా పాతికవేలు. రోజుకి ఉన్నవి 86,400 సెకన్లు. తిండీ నిద్రా మానేసినా, పాట కట్టకపోయినా, ఉంఛవృత్తికి, అంటే పాడుకుంటూ బిచ్చమెత్తడానికి, వెళ్ళకపోయినా కుదిరే లెక్క కాదు. నా దగ్గర లెక్కల్లో చురుకైన పిల్లలు ఈ సంగతి ఇట్టే పట్టేస్తారు. దాన్ని లెక్కగా చెబితే వాళ్ళు ఆ కథతో పాటు స్వామినీ పక్కన పెట్టేస్తారు. ఊపిరి తీసినంతసేపూ ఆ నామమే అని చెప్పడానికి పెద్దలు వాడిన పెద్ద సంఖ్య అంటే వాళ్ళకి అర్థమవుతుంది, గుర్తుంటుంది. ఇరవైనాలుగు వేల కృతులన్నదీ అంతే. వాల్మీకి శ్లోకాల సంఖ్యతో ముడిపెట్టిన మాట అది. ఇవాళ మన చేతికి అందుతున్నవి సుమారు ఏడొందలు. ఏడొందలు చాలవా? ఒక జన్మంతా పాడినా నాకు అందులో సగం రాలేదు.

నారదుడు యతి రూపంలో వచ్చి స్వరార్ణవమనే సంగీత గ్రంథం ఇచ్చాడని, తిరుమలలో తెర దానంతట అదే తొలగిందని, సిద్ధి పొందే వేళ శిరస్సు నుంచి జ్యోతి వెలువడిందని, ఇంకా చాలా ఉన్నాయి. అన్నిటి చివరా ‘ట’ పెట్టి చెప్పండి, భక్తితో వింటాను.

వరాళి గురించి మాత్రం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే అది నా చదువుకి అడ్డం వచ్చిన నమ్మకం. వరాళి రాగం ఎదురుగా కూర్చోబెట్టి నేర్పితే గురుశిష్యులకి చెడుతుందంటారు. మా గురువుగారు నన్ను కన్నబిడ్డలా చూశారు, అందుకే ఆ రాగం నేర్పడానికి జంకారు. తలుపు దగ్గరగా వేసుకుని లోపల ఆయన పాడుకుంటే, నేను వసారాలో కూర్చుని విని పట్టుకున్నాను. ఆ ప్రేమకి ఇప్పటికీ దండం పెడతాను. కానీ ‘కనకన రుచిరా’లో నాకు చాలా ఏళ్ళు రెండు చరణాలు తప్పుగానే వచ్చేవి, దిద్దడానికి ఎదురుగా ఆయన లేరు. పంచరత్నాల్లో తక్కిన నాలుగింటి కంటే అది ఎందుకు తక్కువ వినిపిస్తుందో నాకు వేరే కారణం కనిపించదు. నా శిష్యులకి వరాళి నా ముందు కూర్చోబెట్టే చెబుతున్నాను. ఇప్పటిదాకా ఎవరితోనూ చెడలేదు.

ఈ కథలన్నీ ఎక్కడి నుంచి వచ్చాయంటే, ఎక్కువ భాగం హరికథల నుంచి, ఆ తర్వాత సినిమాల నుంచి. 1946లో చిత్తూరు నాగయ్యగారి ‘త్యాగయ్య’ వచ్చాక, మన ఇళ్ళలో త్యాగరాజస్వామి ముఖమంటే నాగయ్యగారి ముఖమే అయిపోయింది. నాకూ అంతే. కళ్ళు మూసుకుంటే ఆయనే కనిపిస్తారు. ఆ కళాకారులు చేసింది కళ. అది తప్పు కాదు. వాళ్ళ కంటే ముందు, స్వామిని చూసిన శిష్యులు రాసిపెట్టినవి కూడా ఉన్నాయి. వాలాజాపేట వేంకటరమణ భాగవతార్, ఆయన కొడుకు కృష్ణస్వామి భాగవతార్ దాచిన రాతప్రతులు మదురైలో సౌరాష్ట్ర సభ దగ్గరున్నాయి. వ్యాఖ్యానం రాసుకునే ముందు వాటి మీద వచ్చిన పరిశోధనలు తిరగేయండి. మీ మాట బలపడుతుంది.

మీలో కొందరు ఏమంటారో నాకు తెలుసు. ఒకాయన నాతో అన్నారు కూడా. “అమ్మా, జనం భక్తితో వస్తారు. అక్కడ అన్నదమ్ముల తగాదాలు, ఆడవాళ్ళని రానివ్వకపోవడం ఎందుకు తవ్వాలి?” ఆయన మంచి మనిషి, నొప్పించడానికి అన్న మాట కాదు. నా జవాబు ఇదీ: ఏ జనం భక్తి గురించి మీరు భయపడుతున్నారో, ఆ జనంలో సగానికి పైగా ఆడవాళ్ళం. గోష్ఠిలో మమ్మల్ని లెక్కపెట్టండి. మేం అక్కడ కూర్చోవడానికి ఎవరు దారి వేశారో మాకు తెలియనివ్వకపోవడం భక్తి ఎలా అవుతుంది? స్వామి మహిమకి లోటు వస్తుందన్న భయమా? సమాధి పొదల్లో పడి ఉన్నప్పుడు ఆకాశం నుంచి ఎవరూ దిగి రాలేదు. ఇద్దరు ముసలి శిష్యులు వచ్చారు. ఒక గాయని వచ్చింది. ఆయన పాట ఇంత పని చేయించగలిగిందంటే, దానికి మించిన మహిమ నాకు కనబడటం లేదు.

నాగరత్నమ్మ 1952 మే 19న పోయింది. ఉన్న ఆస్తిని స్వామి పేర, ఆ సేవకే రాసి ట్రస్టుకి అప్పగించింది. ఆమె సమాధి కూడా తిరువయ్యారులోనే, స్వామికి ఎదురుగా ఉంటుంది. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు మా బస్సులో నలభై మందిమి ఉన్నాం. అందరం స్వామి దగ్గర పాడి, కావేరిలో కాళ్ళు తడుపుకుని, బస్సెక్కి వచ్చేశాం. ఎదురుగా చేతులు జోడించి కూర్చున్న ఆ విగ్రహం ఎవరిదని మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. తెలిసింది తొమ్మిదేళ్ళ తర్వాత. అప్పుడు మళ్ళీ వెళ్ళాను, ఒక్కదాన్నే. ఆరాధన రోజులు కావు, ఎవరూ లేరు. రెండు సమాధులకీ మధ్య కూర్చుని ఎటు తిరిగి పాడాలో తెలియలేదు. చివరికి ఆమె వైపు తిరిగే పాడాను.

కాబట్టి నేను అడిగేది ఇదీ. రాబోయే పుష్య బహుళ పంచమికి మీ ఆహ్వాన పత్రికలో స్వామి బొమ్మ కింద నాగరత్నమ్మ పేరు ఒక్క పంక్తి వేయండి. బొమ్మ కూడా వేస్తే మరీ సంతోషం. నాట ఎత్తుకునే ముందు మూడు నిమిషాలు ఆ చోటు చరిత్ర చెప్పండి: 1847లో సమాధి, 1903లో ఇద్దరు శిష్యులు, 1921 నుంచి నాగరత్నమ్మ, 1941 నుంచి అందరూ కలిసి. అంతే. ఇది చెప్పడానికి అధ్యక్షుల వారి ఉపన్యాసంలో సగం సమయం కూడా పట్టదు. స్వామి కృతి ‘చేతులార’ వేణువు మీద వాయించి గోష్ఠి మొదలుపెట్టే సభలు ఆ ముందో వెనకో చెబితే ఎవరికీ ఇబ్బంది ఉండదు. మీ తరఫున తిరువయ్యారుకి బస్సులు వేసేవాళ్ళుంటే, దిగగానే రెండు సమాధులూ చూపించమని వెంట వెళ్ళే వాళ్ళకి చెప్పండి. పిల్లలకి వ్యాసరచన పోటీలు పెడుతున్నారు కదా, ఏటా అవే మహిమలు రాయించే బదులు ఒక ఏడాది ఉమయాళ్పురం భాగవతార్ల గురించి రాయించండి. కథలు చెప్పేటప్పుడు ‘ట’ పెట్టండి.

వ్యాఖ్యానం రాసిపెట్టడానికి మనుషులు లేరంటే నేను రాసిస్తాను. చదవడానికి ఎవరూ లేరంటే చదివే మనిషి కూడా ఉంది. ఆ రాత్రి ఇంటికి వెళ్ళాక నా శిష్యురాలికి ఇదంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అయితే ఆవిడ గుడి వెనక కూర్చుని పాడుతుంటే లోపల స్వామికి వినబడేదా?” అంది. వినబడేదట అని చెప్పాను. ఈ ఏడాది శ్రీరాగం కూడా వచ్చేసింది దానికి. మూడో వరుసలో నా పక్కనే కూర్చుంటుంది. మైకు ఇస్తే ఆ మూడు నిమిషాలూ చూడకుండా చెబుతుంది.

ఇట్లు,
మీ గోష్ఠిలో పాడే ఒక సంగీతం టీచరు